ఇల్లు చేరిన పిల్ల

"ఆ నవలలో పిల్ల చనిపోతుంది సార్! మీరేమో 'పాఠకుల మెప్పు కోసం పిల్లను బతికించి ఇల్లు చేర్చాడు' అని చీల్చి చెండాడారు. ఊరంతా చదివిన పుస్తకం! మీరసలు చదివారా?" పత్రిక సంపాదకుడు ఫోన్‌లో మండిపడ్డాడు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న సమీక్షకుడు ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. చూపు పోయినప్పటి నుంచీ భార్య పుస్తకాలు చదివి వినిపిస్తుంది, ఆయన చెబుతుంటే ఆవిడే రాస్తుంది. ఈ నవలను కూతురి మంచం పక్కన కూర్చుని చదివింది.

"తప్పు నాదే," అని ఫోన్ పెట్టేసి, భార్య వైపు తిరిగాడు.

"నా పరువు తీశావు కదే! ఉన్న ఒక్క పనీ ఊడేలా ఉంది. ఉన్నది ఉన్నట్టు చదవడానికి నీకేమొచ్చింది?"

"ఎలా చదవమంటారండీ? మన పిల్ల వయసే, అదే జబ్బు. మనదేమో కళ్ళు మూసుకునే అన్నీ వింటోందాయె. నోరు రాలేదు. అందుకే ఆ పిల్లను ఇంటికి పంపించేశాను."

ఆయన తడుముకుంటూ ఆవిడ చేయి పట్టుకున్నాడు.

"పొద్దున డాక్టరు నిన్ను పక్కకు పిలిచాడు కదా. వచ్చే వారం ఇంటికి తీసుకెళ్ళొచ్చు అన్నాడని చెప్పావు. ఆయన అన్నదే చెప్పావా?"

ఆవిడ రెండో చేత్తో ఒళ్ళోని నవల తెరిచింది.

"మన పిల్ల మళ్ళీ చదవమంటోందండీ," అంది. "ఆ పిల్ల ఇంటికొచ్చే చోటు."

ఆయన గోడ పట్టుకుని లేచాడు.

"పద. ఈసారి ఇంకాస్త పొడిగించి చదువు."