నీలిపూస

ఆ ఉదయం మబ్బు తాటితోపు మీదికి దిగి, కురవనూ కురవక, తెరిపీ ఇవ్వక అలాగే నిలిచిపోయింది. కుంకుమ భరిణె పట్టుకుని వరాలమ్మ కూడా అరుగు మీద అలాగే నిలిచిపోయింది.

ఆమె కొత్తింట్లో పాలు పొంగించే రోజు. బొట్టు పెట్టి పిలవనిదే ఆ ఊళ్లో ఎవరూ గడప తొక్కరు. వరాలమ్మకా, మనుషులంటే వణుకు. ఊరందరికీ ఉన్నట్టే ఆమె చెవిలోనూ వైద్యులిచ్చిన పూస ఉంది. భయం పుడితే అది నీలంగా వెలిగి, మెల్లగా మాట్లాడుతుంది. వెలిగేది తనదొక్కటేనని ఆమె నమ్మకం. తలెత్తి ఎవరి చెవీ చూసింది లేదు మరి.

“ఏటవుద్దని భయం?” అంది పూస.

“ఎదురింటి గౌరమ్మొదిన నా నీలం చూసి నవ్వుద్ది.”

“నవ్వుద్దో లేదో చూసొద్దాం, పద.”

గుమ్మంలోనే గౌరమ్మ అరిచింది. “ఇన్నాళ్లకి దారి తెలిసిందేటే?”

వరాలమ్మ చూపు నేల మీదే ఉంది. కానీ నేలను చూస్తూ నుదుట బొట్టెలా పెట్టడం? ముఖమెత్తక తప్పలేదు. గౌరమ్మ చెవిలో నిండు నీలం!

“వొదినా, నీకూనా?”

“మనిషొస్తే నాకు దడే. అందుకే ముందే అరిచేత్తాను. పెట్టవే బొట్టు!”

ఆ తర్వాత ఏ గడపలో తలెత్తినా ఎక్కడో ఒక చెవిలో నీలమే. వరాలమ్మ నోరు తెరుచుకుని చూసింది.

మధ్యాహ్నం విస్తళ్ల ముందు ఊరంతా బారుగా కూర్చుంది. పప్పన్నం కలుపుతుంటే నీలాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గౌరమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. వరాలమ్మ ఆమె పక్కన కూర్చుని ముద్ద కలిపింది.