పచ్చలైటు వెలిగేదాకా

నా భార్య నూకాలును చంపింది మా పడవలోని చార్జరే.

ఏటి మధ్య ఉన్న లంకలు మునిగాక మా ఊరంతా పడవల్లోనే కాపురం ఉంటోంది. బ్యాటరీలు నిండి పచ్చలైటు వెలిగితేగాని చార్జరు పడవను కదలనివ్వదు. లేకపోతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందట. నూకాలును పాము కరిచినప్పుడు చార్జింగు తొంభై ఒక్క శాతం ఉంది. ఆసుపత్రికి చేరడానికి ఇరవై చాలు. పక్క పడవలూ చార్జింగులోనే ఉన్నాయి. పచ్చలైటు వెలిగేసరికి ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడింది.

నిన్న తనిఖీకొచ్చిన మెకానిక్ ఏసుబాబు బ్యాటరీ పెట్టె మూత తీసి మురిసిపోయాడు.

"ఆరేళ్లయినా బ్యాటరీలు కొత్త పెళ్లికూతుళ్లలా ఉన్నాయి బాబాయ్! ఏం చేశావేంటి?"

"ఆగాను. ఆ చార్జరు పీకెయ్యరా."

"పీకితే పడవలోకి ఊరే నీళ్లు తోడే పంపూ ఆగిపోద్ది. పడవతోపాటు నువ్వూ మునిగిపోతావ్."

మూత వేయమన్నాను. చార్జరు పీకే సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తను.