హస్తవాసి

"ఒక్క కడుపు కొయ్యడానికి పంచాయితీ పెట్టాలా?"

పెద్ద డాక్టరు మూతి మూడు వంకర్లు తిప్పి, బల్ల చుట్టూ కూర్చున్న నలుగురినీ చూశాడు. మత్తు డాక్టరు, షుగరు డాక్టరు, ఊపిరి వ్యాయామాలు చేయించే ఫిజియో, హెడ్ నర్సు. ఆసుపత్రి తనది. కత్తి తనది. వీళ్లెవరు? కూరలో కరివేపాకులు.

బల్ల మీద ఒక టైలరు ఫైలు ఉంది. మనిషికి యాభై ఎనిమిదేళ్లు. పెద్దపేగులో గడ్డ. రేపు ఉదయమే ఆపరేషన్.

"షుగరు మూడు వందలుంది సార్," అన్నాడు షుగరు డాక్టరు. "ఇప్పుడు కోస్తే కుట్లు మానవు."

"రక్తం ఎనిమిదే ఉంది," అంది మత్తు డాక్టరు. "నిన్నటిదాకా సిగరెట్లు కాల్చాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు."

"పది రోజులు ఆగుదాం సార్. ఈలోగా ఊపిరితిత్తులు నేను దారికి తెస్తాను," అంది ఫిజియో.

పెద్ద డాక్టరుకి నవ్వొచ్చింది. "పది రోజులా! ఆలస్యం అమృతం విషం అన్నారు. కడుపులో గడ్డ పెట్టుకుని వాడు నీ దగ్గర బుడగలూదుకుంటూ కూర్చోవాలా?"

"గడ్డ పది రోజుల్లో పారిపోదు సార్," హెడ్ నర్సు నెమ్మదిగా అంది. "పోయిన నెల హెడ్మాస్టరు గారికి కూడా ఇలాగే షుగరు, ఇలాగే ఆయాసం. తొందరపడి కోశాం. పన్నెండో రోజున..."

"పోయాడు. అది ఆయన ఖర్మ! నా కోతలో తప్పుందా?"

నిజానికి కోతలో తప్పు లేదు. కుట్లు చీము పట్టాయి, ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది, అంతే.

"నేను మత్తివ్వలేను సార్," అంది మత్తు డాక్టరు.

"మానెయ్యి. బయటినుంచి ఇంకొకర్ని పిలిపించుకుంటాను. ముప్ఫై ఏళ్లుగా కోస్తున్నాను. నా హస్తవాసి ముందు మీ కాగితాలెంత? మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఇవాళ్టితో ఈ మీటింగులు బంద్!"

మర్నాడు పొద్దున్నే చేతులు కడుక్కోవడానికి వెళ్తుంటే హెడ్ నర్సు ఎదురొచ్చింది. పెద్ద థియేటర్లో ఏసీ పని చెయ్యడం లేదు. పక్కన అత్యవసరాలకు వాడే చిన్న థియేటరు ఉంది గానీ, అందులో ఇంత పెద్ద కేసు కుదరదు.

"మెకానిక్ ఏడి?"

"కబురు పెట్టాను సార్. ఏదో పార్టు రావాలట."

పెద్ద డాక్టరు మెకానిక్ ఏడు తరాలనూ తిట్టాడు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. కత్తి పట్టే చేత్తో ఇలాంటి చిల్లర పనుల్లో వేలు పెట్టడం ఆయన స్థాయికి తగదు.

మూడో రోజు రౌండ్స్‌కి వస్తే వరండాలో టైలరు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వెనకాలే ఫిజియో. మంచం మీద ఊపిరి పీల్చే గొట్టం, అందులో మూడు రంగుల బంతులు. పక్కన టైలరు భార్య ఉడకబెట్టిన గుడ్లు ఒలుస్తోంది. టైలరు చేతికి ఐరన్ సెలైన్ ఎక్కించిన పట్టీ, మంచం పక్కనే ఇన్సులిన్ సూది.

"ఏం, సర్కస్ కంపెనీ పెట్టారా?"

"ఏసీ ఎలాగూ లేదు కద సార్. ఊరికే పడుకోబెట్టడం ఎందుకని," అంది ఫిజియో.

"డాక్టరుగారూ, ఆపరేషన్ ఎప్పుడండీ?" భార్య గుడ్డు పక్కన పెట్టి లేచింది. "ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు."

"మీ ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నాడు. జబ్బు చేసింది మా ఏసీకి!"

తన జోకుకి తనే నవ్వుకుని వెళ్లిపోయాడు. రోజూ అదే తంతు. మెకానిక్ రేపొస్తాడు, పార్టు ఎల్లుండొస్తుంది. టైలరు మాత్రం బంతుల్ని రోజురోజుకీ ఇంకాస్త పైకి లేపుతున్నాడు. పనికిమాలిన ఆట అనుకున్నాడు పెద్ద డాక్టరు.

పదకొండో రోజు ఏసీ చల్లగా మోగింది. మత్తు డాక్టరు తనంతట తనే వచ్చి మాస్కు కట్టుకుంది. దారికొచ్చిందన్నమాట అనుకున్నాడాయన. రెండున్నర గంటల్లో గడ్డ బయటికొచ్చింది.

జ్వరం రాలేదు. చీము లేదు. దగ్గు లేదు. ఆపరేషన్ అయిన ఏడో రోజున టైలరు తన సంచి తనే మోసుకుంటూ మెట్లు దిగాడు. భార్య పెద్ద డాక్టరు చేతులు కళ్లకద్దుకుంది. కరివేపాకులకి ఒక్క దండం కూడా పెట్టలేదు. పెట్టాలని ఆవిడకి ఎవరు చెప్పారు గనక?

పెద్ద డాక్టరు నలుగురినీ పిలిచి వరసగా నిలబెట్టాడు.

"చూశారా? మీటింగూ లేదు, గీటింగూ లేదు. ఎలా మానిందో చూశారా కుట్టు! దీన్నే హస్తవాసి అంటారు. మీ చదువులు చదివితే వచ్చేది కాదు."

"అవును సార్," అన్నారు నలుగురూ.

"పాపం ఆ హెడ్మాస్టరుకి అదృష్టం లేదు." కొత్త ఫైలొకటి బల్ల మీదికి విసిరాడు. "బస్సు కండక్టరు తల్లి. ఈవిడకీ పేగులో గడ్డే. రేపు పొద్దున ఎనిమిదింటికి. మళ్లీ నస పెట్టకండి."

కారు గేటు దాటే చప్పుడు వినబడింది. షుగరు డాక్టరు ఫైలు తెరిచి, ఒకటికి రెండుసార్లు చూసి నిట్టూర్చాడు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అడిగింది మత్తు డాక్టరు.

"కనీసం పన్నెండు."

హెడ్ నర్సు స్టూలెక్కి, పెద్ద థియేటర్ ఏసీ ఫ్యూజు మళ్లీ పీకి, జేబులో వేసుకుంది.