పదమూడో చీటీ

“ఎవరయ్యా నువ్వు? జనం వచ్చే గుమ్మం అటుంది!”

చర్చి వెనక గదిలో మైకుకి బ్యాటరీలు మారుస్తున్న ఆవిడ, తల ఎత్తీ ఎత్తకుండానే కసిరింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి బెదిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. మాసిన చొక్కా, వారం నాటి గడ్డం. అతని కన్నా ముందు చేపల వాసన లోపలికొచ్చేసింది.

“ప్రార్థన చీటీ తెచ్చానమ్మా. ఈ గదిలోనే ఇవ్వమన్నారు.”

“ఎవరన్నారు?”

“రాసినవాళ్లు. ఎవరని అడిగినా చెప్పొద్దన్నారు.”

ఆవిడ గుండె గుభేలుమంది. ఆ గుండెకి అది అలవాటే. గుమ్మంలో కొత్త మనిషి కనిపిస్తే దొంగ. ఫోను మోగితే ఆసుపత్రి. మోగకపోతే అంతకన్నా ఘోరం.

కొడుకు ఇల్లొదిలి ఆరు నెలలైంది.

“మళ్లీ నీ మొహం నాకు చూపించకు” అన్నది తనే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. దూరపు ఊళ్లో ఉద్యోగమని అందరికీ చెప్పుకుంది. ఏ ఆదివారానికి ఆ ఆదివారం ‘నా కొడుకు ఇంటికి రావాలి’ అని చీటీ రాస్తుంది. నలుగురూ ఆరా తీస్తారన్న భయంతో మడిచి తన సంచిలోనే దాచేస్తుంది. పాస్టరుగారు చదివే చీటీలు ఏరి కట్టేది తనే అయినా, తన చీటీ మాత్రం ఆ కట్టలోకి ఎన్నడూ చేరలేదు.

“ఎవరొదినా అక్కడ?” పక్క గదిలో రొట్టె ముక్కలు కోస్తున్న వదిన కేకేసింది.

“ఎవరో చేపలాయన. ముక్కు మూసుకో!”

“అలాగా! రొట్టెలొచ్చాయి, చేపలింకా రాలేదేంటా అనుకుంటున్నా!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు తన మీదేనని తెలియక అతనూ నవ్వాడు.

“గేటుకి అడ్డంగా ఉన్న ఆ లారీ నీదేనా?”

“నాదేనమ్మా. చీటీ చదవగానే తీసేస్తాను.”

“ముందు తియ్యి! ఎవరికైనా ఏదైనా అయితే అంబులెన్సు నీ నెత్తి మీంచి వస్తుందా?”

“అది కాదమ్మా, లారీలో…” అని ఏదో చెప్పబోయి నాలుక కరుచుకున్నాడు. “రాత్రంతా బండి నడిపానమ్మా. కాస్త టీ ఉంటే…”

“టీ ప్రార్థనకొచ్చినవాళ్లకి.”

అతను తల దించుకున్నాడు. వెళ్లలేదు. రెండు చేతులతో చీటీ ముందుకు చాచాడు.

“ఇది ఒక్కటి చదివించండమ్మా.”

“వారానికి పన్నెండే చదువుతారు, అవి నిండిపోయాయి. పదమూడోది పెడితే చీవాట్లు తినేది నేను.”

“ఒక్కసారి విప్పి చూస్తే చాలన్నారమ్మా.”

“ఏముందో నువ్వే చెప్పు.”

“నాకు చదువు రాదమ్మా.”

“చదువు లేదు గానీ సిఫార్సొకటి!”

లోపల పాట అయిపోవస్తోంది. మైకు ఇంకా పాస్టరుగారికి అందలేదు. ఆవిడ రెండు వేళ్లతో చీటీ కొస పట్టుకుని లాక్కుంది. నాలుగు మడతలు, మధ్యలో గ్రీజు మరక.

“సరే, చదివిస్తాను. నువ్వెళ్లి లారీ తియ్యి.”

“మీ కడుపు చల్లగా ఉండాలమ్మా!” చేతులెత్తి దండం పెట్టి పరుగున వెళ్లాడు.

అతను మెట్లు దిగేలోగా చీటీ వాడేసిన కప్పుల బుట్టలో పడింది.

లారీ వీధి మలుపు దాకా కదిలింది. అతను మాత్రం తిరిగొచ్చి, గేటు దగ్గర లౌడ్ స్పీకరు కింద నిలబడ్డాడు.

పాస్టరుగారు చీటీలు చదువుతున్నారు. ఎవరివో మోకాళ్ల నొప్పులు. ఎవరివో పరీక్షలు. ఎవరిదో అమ్ముడుపోని ఇల్లు. ఒక్కోదానికి అతను బొటనవేలిని ఒక్కో వేలి కణుపు మీదికి జరుపుతున్నాడు.

పన్నెండోది అయింది. అందరూ ఆమెన్ అన్నారు.

అతను చివరి కణుపు మీద ఆగిన బొటనవేలి వంక చూసుకున్నాడు. తర్వాత వెనక గది వైపు చూశాడు.

ఆవిడ కిటికీ రెక్క వేసేసింది.

కాసేపటికి లారీ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

“పీడా వదిలింది” అంది వదిన, కప్పుల పళ్లెం అందుకుంటూ. “అవునుగానీ, మీ వాడు ఫోన్ చేశాడా?”

“నిన్ననే చేశాడు. బాగానే ఉన్నాట్ట.”

ప్రార్థన ముగిసింది. టీలు పోయడం, కుర్చీలు సర్దడం, గదులు ఊడవడం. చివరికి బుట్ట మిగిలింది. దాన్ని బోర్లించబోయి ఆవిడ ఆగిపోయింది.

ఎవరిదో ప్రార్థన. చదివిస్తానని మాటిచ్చి చెత్తలో పడేసింది. ఆ ఉసురు ఎక్కడో ఉన్న తన బిడ్డకి తగిలితే?

కప్పుల మధ్య చెయ్యి పెట్టి వెతికింది. టీలో తడిసిన చీటీ మడతలు ఒక్కొక్కటే విప్పింది.

మొదటి మాట ‘అమ్మా’.

మ కింద రాయాల్సిన వత్తు ఎడంగా, ఎక్కడో దూరంగా పడింది. చెయ్యి పట్టుకుని పలక మీద ఎన్నిసార్లు దిద్దించినా ఆ అలవాటు మానని వాడు ఈ లోకంలో ఒక్కడే.

‘అమ్మా, చీటీలు ఏరేది నువ్వే కదా. నా రాత పోల్చుకుంటావు. ఇది మైకులో చదివిస్తే లోపలికొస్తాను. చదివించకపోతే ఆ రోజు అన్న మాట మీదే ఉన్నావనుకుని వెళ్లిపోతాను, ఇక ఎప్పుడూ రాను. బయట లారీలో ఉన్నాను. చీటీ తెచ్చినాయనకి నువ్వెవరో చెప్పలేదు. ఆయనకి కాస్త టీ ఇవ్వమ్మా, ఆరు నెలల నుంచీ నాకు అమ్మ ఆయనే.’