కుర్ర గిజిగాడి సగం గూడు

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఒక కుర్ర గిజిగాడు తన మొదటి గూడు అల్లాడు. గిజిగాళ్లలో మగపిట్ట సగం గూడే అల్లుతుంది. ఆడపిట్టకు అది నచ్చితేనే మిగతా సగం.

మొదట వచ్చిన ఆడపిట్ట పోచల్ని ముక్కుతో లాగి చూసి, "వదులుగా ఉందబ్బాయ్" అని ఎగిరిపోయింది. కుర్రాడికి గుండె దడదడలాడింది. పక్క జొన్నచేలో దూరి, దడ తగ్గేదాకా తిన్నాడు. గూడు బిగించాడు. ఇంకొకామె వచ్చి నచ్చలేదంది. ఆ తర్వాత గూటి దగ్గర కన్నా చేలోనే ఎక్కువసేపు ఉండసాగాడు.

"అంత ఆకలేమిట్రా?" అన్నాడు పక్క కొమ్మ మీది ముసలి గిజిగాడు.

"ఆకలి కాదు తాతా. తింటున్నంతసేపూ భయం ఉండదు."

"ఒళ్లు చూసుకున్నావా? గుమ్మడికాయకు రెక్కలొచ్చినట్టున్నావు!"

"గూడు ఎవరికైనా నచ్చనీ, తగ్గుతాలే."

ఒక ఉదయం మరో ఆడపిట్ట వచ్చి, గూట్లో కూర్చుని హాయిగా ఊగింది. బయటికొచ్చి కొమ్మ మీద వాలి, "నాకు నచ్చింది. రా, మిగతాది అల్లు" అని పిలిచింది.

కుర్రాడు సంబరంగా ఎగిరొచ్చి గూటి అంచు పట్టుకున్నాడు. అతని బరువుకు పోచలు పటపటా తెగాయి. గూడు వాగులో పడి కొట్టుకుపోయింది.

ఆమె నీళ్లకేసి చూసింది.

"అల్లికలో తప్పేమీ లేదు," అంది మెల్లగా. "కానీ గుడ్లు పెట్టే వేళయింది, నేను ఆగలేను."

ఇన్నాళ్లూ వినాలనుకున్న మెప్పు విని, కుర్రాడు తల దించుకున్నాడు.