పొదిగే కాలం

ఎర్ర పీపా తేలుతున్న చోట ఇంజను ఆపేశాడు ఎయిలర్ట్. పొదిగే కాలంలో ఏ పడవా ఆ పీపా దాటకూడదు. అక్కణ్ణుంచి దీవి మీది మనిషి బొటనవేలంత కనిపిస్తాడు.

పొద్దున్నుంచి యాత్రికులకు అన్నీ చూపించాడు. నడుమ చిల్లు పడిన కొండ, దీపస్తంభం, రేవులో సముద్రానికి బలైనవాళ్ళ పేర్లు చెక్కిన రాయి. ఆ రాయి దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. చివరి పేరు వాళ్ళ అక్కది.

“అవిగో, ఈడర్ బాతుల గూళ్ళు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఏటా వసంతంలో సముద్రం మీంచి వచ్చి ఇక్కడే పొదుగుతాయి. పిల్లలు నీళ్ళలో దిగాక, గూట్లో మిగిలిన నూగుతో దుప్పట్లు చేస్తారు.”

గూళ్ళ మధ్య పసుపు వానకోటు ఒకటి మెల్లగా కదులుతోంది. టోపీ చెవుల కిందికి దిగి ఉంది.

“ఆయనెవరు?” అడిగింది ఒకావిడ.

“మా బావ. ఓడ్వార్.”

“వెళ్ళి పలకరించొచ్చా?”

“నన్నే రానివ్వడు, మిమ్మల్నేం రానిస్తాడమ్మా! పొదిగినన్నాళ్ళూ అదే కోటు, అదే టోపీ. ఆ కోటు దీవి దాటితే ఒట్టు. కొత్త బట్ట కంటబడినా, కొత్త గొంతు వినబడినా బాతులు లేచిపోతాయి. లేచాయంటే మళ్ళీ ఈ దీవి మొహం చూడవు.”

ఎయిలర్ట్ చెయ్యెత్తాడు. అవతల కోటు కూడా చెయ్యెత్తింది. అరచెయ్యి అడ్డంగా పెట్టి, రావద్దని. ఎయిలర్ట్ పళ్ళు నూరుకుని పడవ తిప్పాడు.

ఆ ఏడాదే మే నెల మొదట్లో, ఒక మంగళవారం, ఆ దీవి తెడ్డుపడవ బోర్లాపడి దొరికింది. సరుకుల బుట్ట కట్టింది కట్టినట్టే ఉంది. ముప్పై ఏళ్ళుగా ప్రతి మంగళవారం సరుకులకు ఊళ్ళోకి వచ్చేది అక్క తోర్దిసే. ఊరంతా పడవలేసుకుని పది రోజులు వెతికింది. మనిషి దొరకలేదు.

ఆ కబురు చెప్పడానికి ఎయిలర్టే వెళ్ళాడు. పీపా దగ్గర నిలబడి, టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. అంతకంటే ఎలా చెప్పాలి? పసుపు కోటు చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తల వంచింది. ఆ తర్వాత అరచెయ్యి లేచింది. రావద్దని.

చర్చిలో తోర్దిస్ కోసం ప్రార్థన జరిగిన రోజు ముందు బెంచీ ఖాళీగానే ఉంది. రాయి మీద పేరు చెక్కించిన రోజూ అంతే. ఎయిలర్ట్ ఒక్కడే నిలబడి ఏడ్చాడు.

“పాపం, ఏడవడానికైనా తీరిక లేదురా ఆయనకి,” అంది రేవులో కాఫీ కొట్టు నడిపే మాగ్న్‌హిల్డ్.

“తీరిక లేక కాదు, మనసు లేక. మా అక్క కంటే బాతులెక్కువైపోయాయి.”

“మీ అక్క మాత్రం తక్కువ తిందా? పెళ్ళినాడు కూడా గూళ్ళన్నీ చూసొచ్చాకే కదరా చర్చిలో అడుగుపెట్టింది! పాస్టరు గంటసేపు నిలబడ్డాడు.”

ఎయిలర్ట్‌కు నవ్వు రాలేదు. “పొదగడం అయిపోనీ. దీవి మీదికెళ్ళి బావని కడిగేసి వస్తా.”

జూన్ ఆఖర్లో తల్లిబాతులు పిల్లల్ని వెంటేసుకుని రేవు దాకా వచ్చాయి. పిల్లలు రంగు కూడా తిరగని బూడిదముద్దలు. మాగ్న్‌హిల్డ్ చూసి కేకేసింది. ఎయిలర్ట్ కాఫీ అక్కడే వదిలేసి, ఒక్కడే పడవెక్కాడు. పీపా దగ్గర ఆగలేదు.

దీవంతా నిశ్శబ్దంగా ఉంది. చాలా గూళ్ళు ఖాళీ. గట్టు చివర ఒక గూటి ముందు, ఇటు వీపు పెట్టి, పసుపు కోటు గొంతుక్కూర్చుని ఉంది.

అడుగుల చప్పుడు విని కూడా తిరగకపోయేసరికి ఎయిలర్ట్‌కు ఒళ్ళు మండిపోయింది.

“సిగ్గుందా నీకు?” అని అరిచాడు. “ముప్పై ఏళ్ళు నీ పక్కన బతికిన మనిషి! శవం కూడా దొరకలేదు. కనీసం ఆ రాయి ముందుకొచ్చి ఒక్క పువ్వు పెట్టలేకపోయావా? నేనొక్కణ్ణే ఏడ్చాను. అసలు నువ్వేం మొగుడివి బావా?”

చిన్నపిల్లాడిలా ఏడుస్తూ ఆ కోటు భుజం పట్టుకుని గుంజాడు.

“అరవకురా తమ్ముడూ. ఆ మంగళవారం పడవెక్కింది మీ బావరా, ఆయన కోటును నమ్ముకుని ఇంకో బాతు కూర్చునుంది,” అంది తోర్దిస్.