మా అయ్య చొక్కా

"ఆ సొక్కా దించీయే, పాపా!"

గురవమ్మ గొంతు తగ్గించే అంది. కానీ పుష్పరాణికి చిర్రెత్తుకొచ్చింది. తన అచ్చుబొమ్మల ప్రదర్శనకు గ్యాలరీ తలుపులు తెరిచేశారు. జనం లోపలికి వస్తున్నారు. తల్లి చెయ్యి పట్టుకుని ఓ మూలకు లాక్కెళ్లింది.

"ఏటమ్మా? ఇప్పుడా చెప్పడం?"

ఎదురుగా గోడ మీద ఉన్నది ఆమె చేసిన ప్రింట్లన్నిటిలోకీ పెద్దది. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లు నుంచి తెచ్చిన గోనెపట్టా మీద తండ్రి గురువులు ఖాకీ చొక్కా పరిచి కుట్టింది. కార్పొరేషన్‌లో వీధులూడ్చే రోజుల నాటిది. పెట్టె అడుగున దొరికింది. చెక్క మీద తెలుగు అక్షరాలు తిరగేసి చెక్కి, నల్లసిరా పూసి, చొక్కా నిండా అచ్చొత్తింది: 'ఇది మా అయ్య చెమట.'

"పదిమందిలో ఏటే ఇది? మీ అయ్య మొకం సూడు," అంది గురవమ్మ.

గురువులు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు.

"తల దించుకునే పని ఏం చేశాడమ్మా? చీపురు పట్టాడు, అంతేగా! నువ్వెక్కడిదానివని కాలేజీలో అందరూ అడిగీవోరు. ఇదే నా జవాబు. బెంగాలీలో రాయమన్నారు, ఇంగ్లీషులో రాయమన్నారు. కుదర్దన్నాను. నాకు లేని సిగ్గు నీకెందుకు?"

"సిగ్గు కాదే... నీకు తెల్దు."

"అంతా తెలుసు. ఆ భుజం చూడు, చీపురుకర్ర రాపిడికి ఎలా అరిగిపోయిందో! ఆ గుడ్డే చెప్తాది, మా అయ్య ఎవరో."



ఇంతలో గ్యాలరీ చూసుకునే లలిత్, పత్రికల వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "కాకూ, మీ చొక్కా పక్కన నిలబడండి. ఒక్క ఫోటో!" అన్నాడు బెంగాలీలో.

గురువులు మెల్లగా లేచాడు. గదిలో చప్పట్లు మోగాయి. పుష్పరాణి ఛాతీ పొంగింది.

"చూశావా అమ్మా?"

గురువులు గోడ దాకా వెళ్లాడు. అరిగిన భుజం మీద అరచేత్తో నిమిరాడు. కెమెరాలు పైకి లేచాయి. ఆయన మాత్రం చటుక్కున వెనక్కి తిరిగి, మూలన ఉన్న భార్య దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దు... ఊరుకో," అంది గురవమ్మ.

ఆయన వినలేదు. ఆమెను తీసుకెళ్లి చొక్కా పక్కన నిలబెట్టి, కూతురి వైపు తిరిగాడు.

"దీన్ని నాను ఎన్నడూ తొడగనేదు, పాపా. నువ్వు సంటిపిల్లప్పుడు నా నడుం ఇరిగితే, నౌకరీ పోకండా ఈ సొక్కా ఏసుకుని, తలకి తువ్వాలు సుట్టుకుని, నా పేరున రోడ్లూడ్సింది మీ యమ్మ!"